వందకి కొట్టు బాబూ!

భోగాపురం దగ్గర హైవే మీద ఏ పెట్రోలు బంకులోనైనా ఓ పావుగంట నిలబడి చూడండి. "రెండు లీటర్లు పొయ్యండి" అనే మాట చాలా అరుదుగా వినిపిస్తుంది. "వందకి కొట్టు బాబూ", "రెండొందలకి కొట్టు"... ఎక్కువ మందిది ఇదే మాట. పాలు లీటర్లలో అడుగుతాం, బియ్యం కేజీల్లో అడుగుతాం, ఆఖరికి వంటనూనె కూడా ప్యాకెట్టు లెక్కన అడుగుతాం. పెట్రోలు ఒక్కటే రూపాయల్లో కొంటాం.

ఇందులో ఓ చిక్కుంది. వంద ఇచ్చాం, వంద చూపించింది, బండి తీశాం. ధర పెరిగినా మన చేతిలోంచి పోయేది ఆ వందే కాబట్టి ఆ పూటకి ఏమీ తెలియదు. శనివారం దాకా రావాల్సిన ఆయిలు గురువారం సాయంత్రానికే రిజర్వుకి వచ్చేస్తే అప్పుడు తెలుస్తుంది. అప్పుడు కూడా బండిని తిడతాం, మెకానిక్కుని తిడతాం.

2010లో వంద రూపాయలకి లీటరున్నరకి పైనే వచ్చేది. 2021 వేసవిలో మన జిల్లాల్లో లీటరు వంద దాటింది. అప్పట్నుంచి వందకి లీటరు రావడం మానేసింది. 2022 ఏప్రిల్లో అయితే లీటరు 120 దాకా వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత కాస్త దిగి, 2024, 2025 సంవత్సరాల్లో మన రాష్ట్రంలో ఊరిని బట్టి 108, 110 రూపాయల మధ్య ఆగింది. అంటే వందకి దాదాపు 910 మిల్లీలీటర్లు. మంచినీళ్ల బాటిల్ కూడా నిండదన్నమాట!

ఈ ధర ఎవరిది?

ధర తగ్గించడం మన చేతుల్లో లేదు. కానీ మనం ఎవరికి ఎంత కడుతున్నామో తెలుసుకుంటే తప్పేముంది? పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో ఎత్తేశారు, డీజిల్ మీద 2014 అక్టోబరులో. 2017 జూన్ 16 నుంచి రోజువారీ ధర వచ్చింది. చెప్పిన మాట ఏమిటంటే, ప్రపంచంలో ముడి చమురు తగ్గితే మనకీ తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది అని. పెరగడం మాత్రం బాగానే పెరిగింది. 2020లో కరోనా వచ్చి ముడి చమురు కుప్పకూలినప్పుడు కేంద్రం మార్చిలో ఒకసారి, మే నెలలో ఒకసారి ఎక్సైజు సుంకం పెంచి, ఆ తగ్గుదలని తనే తీసుకుంది. పెట్రోలు మీద సుంకం లీటరుకి 32 రూపాయల 98 పైసలకి చేరింది. తర్వాత 2021 దీపావళికి 5 రూపాయలు, 2022 మేలో 8 రూపాయలు తగ్గించారు. 2025 ఏప్రిల్లో మళ్లీ 2 రూపాయలు పెంచారు గానీ బంకులో ధర మారలేదు, ఆ భారం కంపెనీలే మోశాయి. దాంతో కేంద్ర సుంకం 21 రూపాయల 90 పైసలయింది.

ఇక మన రాష్ట్రం సంగతి. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, అది కాక లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్, అదీ చాలక రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. ప్రభుత్వాలు మారాయి, ఈ లెక్క మారలేదు. లీటరు 109 రూపాయల 50 పైసలు అనుకుని వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే రాష్ట్రం వాటా 29, 30 రూపాయల మధ్య తేలుతుంది. రెండూ కలిపితే 51 రూపాయల పైమాట. 2025 లెక్క ప్రకారం మీరు కొట్టించిన వందలో 47 రూపాయలు పన్నులకే పోయాయి.

అందుకే ఒడిశా నుంచి వచ్చే లారీలు ఇచ్ఛాపురం దాటకముందే ట్యాంకులు నింపుకుని మరీ మన నేల మీద అడుగు పెడతాయి. గంజాం వైపు పెట్రోలు మనకంటే ఏడెనిమిది రూపాయలు తక్కువ, డీజిల్ కూడా తక్కువే. కాకినాడ పక్కనున్న యానాంలో అయితే తేడా పది రూపాయల పైనే. ఇదంతా బాగానే ఉంది గానీ, మన బండిలో పట్టేది పది లీటర్లు. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లి కొట్టించుకొస్తే దారిలోనే సగం తాగేస్తుంది. లారీవాడికి కుదిరే ఉపాయం మనకి కుదరదు.

ధరల మీద కోపం కొత్తది కూడా కాదు. 1973లో పెట్రోలు ధర పెంచినప్పుడు వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకి వెళ్లారు. అప్పట్నుంచి ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఆ పార్టీకి ఎడ్లబండి గుర్తొస్తూనే ఉంది!

కిలోమీటరుకి రెండు రూపాయలు

ఇప్పుడు మన చేతిలో ఉన్న లెక్కకి వద్దాం. లీటరు 110 అనుకోండి. మీది మామూలు వంద సీసీ బండి, లీటరుకి 55 ఇస్తోంది అనుకోండి. 110ని 55తో భాగిస్తే రెండు. అంటే కిలోమీటరుకి రెండు రూపాయలు. లీటరు ధర మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ రెండు రూపాయలు గుర్తుపెట్టుకోండి.

ఇక ప్రతి దారికీ టిక్కెట్టు ధర తెలిసిపోతుంది. భోగాపురం నుంచి తగరపువలస సుమారు 15 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 60 రూపాయలు. విజయనగరం ఏ దారిన వెళ్లినా ఇరవై, పాతిక కిలోమీటర్లు. వెళ్లి వస్తే 80 నుంచి వంద. విశాఖపట్నం 45 కిలోమీటర్లు అనుకుంటే వెళ్లిరావడానికి 180. సిటీలో ట్రాఫిక్కులో తిరిగింది వేరే. పైడిభీమవరం ఫార్మా కంపెనీలకి వెళ్లేవాళ్లకి ఒక వైపే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి 26 రోజుల డ్యూటీ... 1,040 కిలోమీటర్లు, 2,080 రూపాయలు. నెలకి పదిహేను వేలు జీతమొచ్చే కుర్రాడికి ఇది ఏడో వంతు. ఇంట్లో బియ్యం ఖర్చుతో పోటీ పడే ఖర్చు ఇది. కానీ బియ్యం ఖర్చు ఇంటావిడ నోటి మీద ఉంటుంది, పెట్రోలు ఖర్చు మాత్రం వందలు వందలుగా కరిగిపోతుంది కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

మీ బండి నిజంగా ఎంతిస్తోందో తెలుసా? కంపెనీవాడు చెప్పింది వదిలేయండి. షోరూములో చెప్పిన 70, 80 మన గతుకుల్లో రాదు. తెలుసుకోవడం తేలిక. ఒకసారి ట్యాంకు నిండా కొట్టించండి. మీటర్లో కిలోమీటర్లు రాసుకోండి. రోజూ తిరిగినట్టే తిరిగి, ఓ 200 కిలోమీటర్లయ్యాక అదే బంకులో మళ్లీ నిండా కొట్టించండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన కిలోమీటర్లని దాంతో భాగించండి. అదే మీ మైలేజీ. 200 కిలోమీటర్లకి నాలుగు లీటర్లు పట్టిందంటే లీటరుకి 50 వస్తోందన్నమాట, కిలోమీటరుకి మీకు పడేది రెండు రూపాయల ఇరవై పైసలు. రెండు మూడు నెలలకోసారి ఇలా చూసుకుంటే చాలు. నలభైకి పడిపోయిందంటే బండిలో ఏదో తేడా వచ్చిందని అర్థం. వందకి కొట్టించేవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

దూరాలు పెరిగిపోయాయి

అసలు మన ప్రాంతంలో పెట్రోలు బాధకి ధర ఒక్కటే కారణం కాదు, దూరం కూడా కారణం. ఒకప్పుడు పొలం, తోట, సముద్రం, సంత... అన్నీ నడక దూరంలోనో సైకిలు దూరంలోనో ఉండేవి. ఇప్పుడు పని ఒక చోట, పిల్లల కాలేజీ ఇంకో చోట, ఆస్పత్రి మరో చోట. విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లు ఖాళీ చేసి పోలిపల్లి, గూడెపువలస దగ్గరి కాలనీలకి వెళ్లిన కుటుంబాలున్నాయి. అక్కడి వాళ్లకి కొత్త ఇల్లంటే కొత్త దారులు కూడా. నష్టపరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది. రోజూ అదనంగా పడే ఆరేడు కిలోమీటర్లు మాత్రం ఏ లెక్కలోనూ ఉండవు.

కాబట్టి పెట్రోలు ఆదా అంటే మొట్టమొదట చూసుకోవాల్సింది తిరుగుడు. మీ ఇంట్లో వారం రోజులు ఓ పని చేసి చూడండి. గోడ మీది క్యాలెండరులో బండి బయటికి తీసిన ప్రతిసారీ ఎక్కడికి వెళ్లారో ఒక్క ముక్క రాయండి. పొద్దున్న పాలకి, మధ్యాహ్నం మందులకి, సాయంత్రం అల్లం మర్చిపోయామని మళ్లీ అదే వీధికి... ఇలాంటి చిన్న తిరుగుళ్లు ఎన్ని తేలతాయో చూస్తే మీకే నవ్వొస్తుంది. పైగా చల్లారిన ఇంజిన్ మొదటి రెండు మూడు కిలోమీటర్లలో మామూలు కంటే ఎక్కువ తాగుతుంది. అర కిలోమీటరు దూరానికి ఐదుసార్లు బండి తీయడం కంటే ఒకేసారి ఐదు పనులూ చూసుకు రావడంలోనే లాభం ఎక్కువ. అర కిలోమీటరుకి నడిచి వెళ్తే మరీ మంచిది అని చెప్పొచ్చు గానీ, వైశాఖ మాసం మిట్ట మధ్యాహ్నం ఆ సలహా ఇచ్చేవాడిని ఎవరూ మెచ్చరు.

ఒకే కంపెనీకి, ఒకే షిఫ్టుకి వెళ్లే ఇద్దరు పక్కపక్క ఊళ్లవాళ్లు చెరో బండి మీద వెళ్లడం రోజూ చూస్తున్నాం. ఒక వారం నీ బండి, ఒక వారం నా బండి అనుకుంటే ఆ 2,080లో చెరి సగం మిగులుతుంది. ఇద్దరెక్కితే మైలేజీ కొంచెం తగ్గుతుంది, నిజమే. అయినా ఏడాదికి ఒక్కొక్కరికి పది వేల పైనే తేలుతుంది. ఇక్కడ అడ్డొచ్చేది లెక్క కాదు, మొహమాటం. "ఆడికోసం నేను ఆగాలా, నాకోసం ఆడు ఆగాలా?" అన్నదే గొడవ. హెల్మెట్లు మాత్రం రెండు ఉండాలి సుమా. కంపెనీ బస్సు ఉన్నచోట అయితే ఈ చర్చే అక్కర్లేదు, కాస్త ముందు లేవాలి అంతే.

ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. 'స్త్రీ శక్తి' కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, జీరో టిక్కెట్టు ఇస్తారు. దీన్ని ఇంటి పెట్రోలు లెక్కలో చాలామంది ఇంకా కలపలేదు. విజయనగరం ఆస్పత్రికి అమ్మని చూపించాలంటే కొడుకు బండి మీద తీసుకెళ్తాడు, వంద రూపాయల ఆయిలు, ఓ రోజు కూలీ. కూతురో కోడలో తోడు వెళ్లగలిగితే ఇద్దరికీ బస్సు ఉచితం. హైవే మీద శ్రీకాకుళం, విశాఖ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. అసలు చిక్కు ఊరి నుంచి హైవే దాకా వచ్చే ఆ మూడు నాలుగు కిలోమీటర్లలో ఉంది. అక్కడికి ఆటోయే దిక్కు, లేదా ఇంట్లో మగవాళ్లు ఉదయం పనికెళ్తూ దింపేయడం. తీరం నుంచి చేపల గంపతో వచ్చే ఆడవాళ్లకి ఈ ఉచితం పెద్దగా ఉపయోగపడదు. తడి గంపతో బస్సెక్కడం కష్టమే కాబట్టి వాళ్లు నలుగురైదుగురు కలిసి ఆటో మాట్లాడుకోవాల్సిందే.

ఆ ఆటో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్లు బస్సెక్కేసరికి ఆటోవాళ్ల సీట్లు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం 2025 అక్టోబరులో 'ఆటో డ్రైవర్ల సేవలో' అని ఏడాదికి 15 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. రోజుకి లెక్కేస్తే 41 రూపాయలు. డీజిల్ అర లీటరు రాదు. ఒకరికి మిగిలింది ఇంకొకరి జేబులోంచి పోవడం ఇలాగే ఉంటుంది.

బండికి కావలసింది గాలి

పెద్ద పెద్ద మెషిన్లు, ట్యాంకులో వేసే బిళ్లలు, సైలెన్సరుకి కట్టే అయస్కాంతాలు... మైలేజీ రెట్టింపు అని అమ్మేవన్నీ పక్కన పెట్టండి. నిజంగా పనిచేసేవి చవకవి, విసుగు పుట్టించేవి. అందుకే ఎవరూ చెయ్యరు.

మొదటిది టైర్లలో గాలి. కేంద్ర పెట్రోలియం శాఖ కింద ఇంధన పొదుపు కోసమే పనిచేసే పీసీఆర్ఏ అనే సంస్థ ఉంది. గాలి పావు వంతు తగ్గితే ఇంధనం 5 నుంచి 10 శాతం ఎక్కువ తాగుతుందని వాళ్లు చెప్పే మాట. నెలకి రెండు వేల ఆయిలు కొట్టించేవాడికి వంద, రెండొందలు గాల్లో కలిసినట్టే. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి, అది మీ హక్కు. వారానికోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. ఎంత గాలి ఉండాలో చాలా బండ్లకి చైను కవరు మీదో స్వింగార్ము మీదో స్టిక్కరు ఉంటుంది. పంచరు షాపు కుర్రాడు చేత్తో నొక్కి "బాగానే ఉందన్నా" అంటే నమ్మకండి.

రెండోది బ్రేకులు. స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలిగ్గా నాలుగు చుట్లు తిరగాలి. రుద్దుకుంటూ ఆగిపోతుంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం, మీరు రోజంతా బ్రేకు మీద కాలేసి నడుపుతున్నట్టే. మన తీరం దగ్గర ఇసుక, ఉప్పుగాలి కాబట్టి చైను త్వరగా తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ముక్కాం, చేపల కంచేరు వైపు తిరిగే బండ్లయితే వారం, పది రోజులకోసారి చైను తుడిచి నూనె వేయించుకోవాలి. ఎయిర్‌పోర్టు పనుల మట్టిలో, లారీల దుమ్ములో తిరిగే బండ్లకి ఎయిర్ ఫిల్టరు కూడా పుస్తకంలో రాసిన దానికంటే ముందే శుభ్రం చేయించాలి.

మూడోది వేగం. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. ఆరు లేన్ల రోడ్డు చూసి చెయ్యి ఆగదు గానీ, వంద సీసీ బండి 45, 50 మీద ఇచ్చే మైలేజీ 75 మీద ఇవ్వదు. తగరపువలస దాకా 15 కిలోమీటర్లని 75లో వెళ్తే 12 నిమిషాలు, 50లో వెళ్తే 18 నిమిషాలు. ఆరు నిమిషాలు మిగిల్చుకుని వెళ్లి టీ కొట్టు దగ్గర అరగంట కూర్చునేవాళ్లం మనం.

"పెట్రోల్లో ఏదో కలుపుతున్నారంట, అందుకే మైలేజీ తగ్గింది" అనే మాట కూడా ఎక్కువగా వినిపిస్తోంది. కలుపుతున్న మాట నిజం. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ. పాత రకం టూవీలర్లకి మైలేజీ 3, 4 శాతం, కార్లకి 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే చెప్పింది. అంటే 55 ఇచ్చే బండి 53 ఇస్తుంది. మీ బండి 40కి పడిపోయిందంటే ఆ నేరం ఇథనాల్‌ది కాదు, పైన చెప్పిన వాటిల్లో వెతకండి. ఒక్క జాగ్రత్త, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి మూల పడేసి ఉంచేవాళ్లు ట్యాంకులో నీరు చేరకుండా చూసుకోవాలి.

బంకులో మోసం మాటకొస్తే, వందకి బదులు 110కో 210కో కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్నది ఉత్త నమ్మకం. తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే లాభమన్నది కూడా అంతే. ట్యాంకులు భూమిలో ఉంటాయి, వాటి వేడి పొద్దున్నకీ సాయంత్రానికీ పెద్దగా మారదు. మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకోండి. అనుమానం వస్తే బంకులో ఉండే ముద్ర వేసిన 5 లీటర్ల కొలతతో కొలిచి చూపించమని అడగండి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల తేడా దాకా ఒప్పుకుంటారు, అంతకు మించి తగ్గితే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. అడిగినప్పుడు చూపించడం వాళ్ల బాధ్యత.

ఎనిమిది రూపాయల కోసం

ఇప్పుడు అసలు చెప్పాల్సిన సంగతి. పెట్రోలు మిగులుతుందని మనవాళ్లు చేసే పనుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది హైవే మీద రాంగ్ రూట్లో రావడం. ఊరి దారి హైవేలో కలిసే చోట డివైడరుకి సందు ఉండదు. యూటర్న్ ఎక్కడో ముందుంటుంది. రెండు కిలోమీటర్లు ముందుకెళ్లి, తిరిగి రెండు కిలోమీటర్లు వెనక్కి రావాలి. "ఎందుకొచ్చిన తిరుగుడు, అదిగో మన ఊరు కనబడుతోంది కదా" అని పక్క నుంచి ఎదురుగా తోలుకొచ్చేస్తాం. అవతల్నుంచి వచ్చేది కలకత్తా వైపు పోయే లారీ.

ఆ నాలుగు కిలోమీటర్లకి మన లెక్క ప్రకారం ఎనిమిది రూపాయలు. ఒక టీ ధర.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. జాతీయ రహదారుల మీదే 61 వేల మంది పోయారు. ఎదురుగా వచ్చే బండికీ మన బండికీ ఢీకొన్నప్పుడు రెండు వేగాలూ కలుస్తాయి. 70లో వచ్చే లారీ, 40లో వెళ్లే మనం, మొత్తం 110. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు ఎదురు దారిలో నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారి దొరికితేనే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. జరిమానా ఒక్కసారి పడితే ఎన్ని యూటర్న్‌ల డబ్బు పోతుందో లెక్కేసుకోండి. తప్పు మొత్తం బండివాడిదే అని కూడా నేననను. సర్వీసు రోడ్డు సరిగ్గా ఉన్నచోట, అండర్‌పాస్ దగ్గరగా ఉన్నచోట ఎవరూ ఎదురు వెళ్లరు. ఊరివాళ్లంతా కలిసి పంచాయతీ నుంచి జాతీయ రహదారుల సంస్థకి అర్జీ పెట్టాల్సిన విషయమిది. కానీ ఆ అండర్‌పాస్ వచ్చేదాకా మన ప్రాణం మన దగ్గరే ఉండాలి కదా.

ఇలాంటివే ఇంకొన్ని. ఫ్లైఓవరు దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి జారుతూ రావడం. ఇంజిన్ ఆగితే బండిని పట్టి ఉంచే గేరు బలం పోతుంది, మొత్తం భారం బ్రేకుల మీదే పడుతుంది. రాత్రయితే లైటు కూడా తగ్గుతుంది. ఒక బండి మీద ముగ్గురు ఎక్కడం. ముగ్గురు వెళ్తే మనిషికి ముప్పావలా పడుతుందనే లెక్క కాగితం మీద బాగుంటుంది, వెనకవాడి కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో కాగితం చెప్పదు. పట్టుబడితే వెయ్యి జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. ఇక ధర పెరుగుతుందని పుకారు రాగానే నీళ్ల బాటిళ్లలో పెట్రోలు పట్టి మంచం కింద దాచడం. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతూ పొయ్యి దాకా వెళ్తుంది. రెండు లీటర్లు దాస్తే, రేపు ధర రెండు రూపాయలు పెరిగినా, మిగిలేది నాలుగు రూపాయలు.

కరెంటు బండి కొనాలా?

ఇంటికి ఓ యువకుడుంటే ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. లెక్క చూద్దాం. మామూలు కరెంటు స్కూటరు మూడున్నర యూనిట్లతో 80, 90 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం. మన రాష్ట్రంలో ఇళ్లకి కరెంటు శ్లాబుల్లో ఉంటుంది. నెలకి 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిటు 6 రూపాయలు, 226 దాటితే 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు ఛార్జీలు వేరే. పైడిభీమవరం వెళ్లే ఆ కుర్రాడి 1,040 కిలోమీటర్లకి 40 యూనిట్ల పైచిలుకు కావాలి. పై శ్లాబులో పడినా 400 లోపే. అతను ఇప్పుడు పెట్రోలుకి పెడుతున్నది 2,080.

చూడ్డానికి కళ్లు చెదిరే తేడా. ఐతే రోజుకి ఎంత తిరుగుతారన్నదే అసలు ప్రశ్న. రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవాడికి నెలకి 1,600 మిగిలితే, బండి మీద పెట్టిన అదనపు డబ్బు రెండు మూడేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. రోజుకి ఐదారు కిలోమీటర్లు తిరిగే మాస్టారుకి ఆ మిగులు నెలకి 250 కూడా ఉండదు. ఆయన ఉన్న బండికి గాలి కొట్టించుకుంటే చాలు. కొనేముందు బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నది కాగితం మీద చూసుకోండి. సర్వీసు సెంటరు విజయనగరంలో ఉందా, విశాఖలోనేనా అని కూడా అడగండి. పాడైన ప్రతిసారీ ఆటో ట్రాలీలో విశాఖ తీసుకెళ్లాల్సి వస్తే ఆ ఏడాది మిగులంతా ఒక్క రోజులో పోతుంది.

సముద్రం మీద కూడా ఇదే బాధ

రోడ్డు మీద తిరిగేవాళ్ల కష్టం అందరికీ కనిపిస్తుంది. ముక్కాం, చేపల కంచేరు తీరాల నుంచి వేటకెళ్లే ఫైబరు బోట్ల కష్టం కనిపించదు. అక్కడ కిలోమీటరు రాళ్లుండవు, చేప దొరికేదాకా ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి. చేప పడకపోతే ఆయిలు డబ్బు అప్పుగా మిగులుతుంది. ప్రభుత్వం రిజిస్టరైన బోట్లకి డీజిల్ మీద లీటరుకి 9 రూపాయల రాయితీ ఇస్తోంది. 2019కి ముందు అది 6 రూపాయల 3 పైసలుండేది. ఇంజిన్ బిగించిన చిన్న బోట్లకి నెలకి 300 లీటర్ల వరకే ఈ రాయితీ. బోటు రిజిస్ట్రేషను, లైసెన్సు సరిగ్గా లేకపోతే అదీ రాదు. కాబట్టి కాగితాలు గడువు దాటకుండా చూసుకోవడమే మొదటి ఆదా.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడి, నీటిలోని పచ్చదనం ఆధారంగా ఏ దిక్కున, తీరం నుంచి ఎంత దూరంలో, ఎంత లోతులో చేపలు చేరే అవకాశముందో వాళ్లు సమాచారం ఇస్తారు. తెలుగులో కూడా ఇస్తారు, డబ్బులు అక్కర్లేదు. చేప తప్పకుండా పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, గుడ్డిగా నాలుగు దిక్కులూ వెతికే ఆయిలు మాత్రం మిగులుతుంది. మబ్బు కమ్మిన రోజుల్లో ఉపగ్రహానికి కనపడదు కాబట్టి ఆ సమాచారం రాదు. ఆ రోజుల్లో పెద్దవాళ్ల అనుభవమే దారి.

నీళ్లలో వేగానికి రోడ్డు మీదకంటే ఎక్కువ ఖరీదు. ఇంజిన్‌ని పూర్తిగా ఇవ్వకుండా కాస్త తగ్గించి నడిపితే వేగం కొంచెమే తగ్గుతుంది, ఆయిలు మాత్రం బాగా మిగులుతుంది. వేటకి వెళ్లేటప్పుడు ఇది సులువు. తిరిగి వచ్చేటప్పుడు ముందొచ్చిన బోటుకి మంచి ధర పలుకుతుంది కాబట్టి ఎవరూ తగ్గరు, అది అర్థం చేసుకోవాల్సిందే. బోటు అడుగున పట్టే నాచు, గుల్లలు కూడా ఆయిలు తాగేవే. వాటిని గీకి శుభ్రం చేయడానికి, ఫ్యాను రెక్కలు వంగాయేమో చూసుకోవడానికి, ఇంజిన్ విప్పించడానికి తీరిక దొరికేది వేట నిషేధంలో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఇసుక మీదే ఉంటాయి. నిషేధం ముగిసే ఆఖరి వారంలో మెకానిక్కులు ఎవరికీ దొరకరు, అందరూ అప్పుడే పిలుస్తారు కాబట్టి. ఏప్రిల్ నెలాఖరుకే ఇంజిన్ దింపించేసినవాళ్ల బోట్లు జూన్ 14 అర్ధరాత్రి దాటగానే నీళ్లలో ఉంటాయి.